తండ్రి చోటు

విదేశాలకు వెళ్లివచ్చిన కోడళ్లు అత్తగార్లకు ఏం తెస్తారో సుబ్బలక్ష్మమ్మకు తెలియనిది కాదు. ఎదురింటి కోడలు దుబాయి నుంచి సెంటుబుడ్డి తెచ్చింది. చెల్లెలి కోడలు సింగపూరు నుంచి కాళ్లు పిసికే మిషను తెచ్చింది. తన కోడలు యామిని మాత్రం పోర్చుగల్ దాకా వెళ్లి ఒక రబ్బరు మాస్కు, ఒక ఆలోచన పట్టుకొచ్చింది. మాస్కును అటకెక్కించడం సులువు. ఆలోచన ఇప్పుడు ప్రహరీగోడ మీద ఆరేసి ఉంది.

గోడ పొడవునా చొక్కాలు. ఉతకనివి. పలుగురాయి పిండి అయ్యేటప్పుడు లేచే తెల్లటి దుమ్ము పట్టి, అట్టల్లా బిగుసుకుపోయిన చొక్కాలు. మధ్యమధ్య ఆడవాళ్ల రవికలు, తలకు చుట్టుకునే తువ్వాళ్లు. కొన్ని చొక్కాలను తొడుక్కునే మనుషులు ఇప్పుడు లేరు. అవీ ఉన్నాయి.

గాలి వీచినప్పుడల్లా దుమ్ము రాలుతోంది. ముగ్గు వేసే పని లేకుండా వాకిలి తనకు తానే తెల్లబడింది.

ఆ ఇంటివాళ్ల పలుగురాయి మిల్లులో పనిచేసే పేట ఆడవాళ్లు వాటిని తెచ్చి ఇంటి ముందు వేలాడదీసి, మిల్లు గేటు దగ్గర కూర్చుని, ఇంక లోపలికి అడుగు పెట్టేది లేదన్నారు. క్రషర్‌కు నీళ్లు చల్లే గొట్టాలు పెట్టాలి, అందరికీ డాక్టరు చేత చూపించాలి, అప్పుడే పని. చొక్కాలు తీసేయమని పనివాళ్లకు చెబుదామంటే, పనివాళ్లు వాళ్లే. సుబ్బలక్ష్మమ్మ భర్త సుబ్బయ్య స్వయంగా కర్రతో ఒకదాన్ని లాగాడు. అది కింద పడకుండా ఆయన నెత్తిన పడింది. పొద్దెక్కేదాకా దగ్గుతూ, కోడల్ని తిడుతూ కూర్చున్నాడు.

ఇదంతా ఆ లూర్దమ్మ పుణ్యం అని సుబ్బలక్ష్మమ్మ నమ్మకం.

యామిని పనివాళ్ల ఆరోగ్యం గురించి తిరిగే ఒక చిన్న సంఘంలో ఉద్యోగం చేస్తుంది. ఆ సంఘం ఇక్కడి వాళ్లను కొన్ని వారాలు అక్కడికి, అక్కడి వాళ్లను ఇక్కడికి పంపుతుంది. యామినిని పంపింది ఒక కొండల ఊరికి. అక్కడ ఆమెకు బస ఇచ్చిన ముసలామె పేరు లూర్దు. ఆమె భర్త రాతిగనిలో పనిచేసి, రొమ్ము నిండా దుమ్ముతో పోయాడట. ఆయన చొక్కాను ఉతక్కుండా తీసుకెళ్లి యజమాని గుమ్మానికి తగిలించి వచ్చిందట. మర్నాడు ఇంకో ఆమె, ఆ తర్వాత ఇంకో ఆమె. ఏడాది తిరిగేసరికి ఆ ఊళ్లో పొడి దుమ్ములో రాయి కోయడం ఆగిపోయిందట. తిరిగొచ్చిన రోజు యామిని ఈ కథ అన్నం ముందు కూర్చుని చెబితే, పాపం ఆ ముసలామె అని సుబ్బలక్ష్మమ్మ కళ్లు కూడా తుడుచుకుంది. దేశం దాటి వచ్చే కథ కదా అని తుడుచుకుంది. తన గోడ దాకా వస్తుందని ఎవరనుకున్నారు?

హాల్లో సుబ్బయ్య కొడుకు వైపు తిరిగాడు.

"ఏమప్పా హర్షా, చూస్తాండావు కదా. తాగేదానికే బోర్లో నీళ్లు రాకుంటే, నీ పెండ్లాం రాళ్లకు స్నానం చేయించమంటాంది."

మిల్లు లెక్కలు, లారీలు, కరెంటు ఆఫీసు, అన్నీ చూసేది హర్షవర్ధనే. ఈమధ్య ఏ పక్కా చేరకుండా ఉండే పని కూడా మీద పడింది. అది మిల్లు కంటే కష్టంగా ఉన్నట్టుంది, మనిషి సగమయ్యాడు.

"స్నానం కాదు మామా," అంది యామిని. భుజానికి సంచి తగిలించుకుని బయటికి పోబోతూ ఆగింది. "క్రషర్ నోటి కాడ సన్నగా చల్లితే చాలు. ఇంట్లో బట్టలుతికే నీళ్లంత గూడా పట్టదు."

"బట్టలుతికే నీళ్లుంటే ముందు ఆ చొక్కాలు ఉతకమను."

సుబ్బలక్ష్మమ్మకు నవ్వు వచ్చింది. తను కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి మింగేసింది.

ఆమె కోపం చొక్కాల వల్ల కాదు. బెల్లం వల్ల.

మిల్లు పెట్టినప్పటి నుంచి సాయంత్రం పని దిగే వేళకు పనివాళ్లందరికీ తలా ఒక బెల్లంగడ్డ ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. బెల్లం నమిలితే గొంతులోని దుమ్ము కడుపులోకి జారిపోతుందని, పొద్దునకు బయటికి పోతుందని అందరూ నమ్మారు. పక్క మిల్లుల వాళ్లు నల్లబెల్లం ఇచ్చేవాళ్లు. సుబ్బలక్ష్మమ్మ మంచి బెల్లం తెప్పించి, అచ్చులు తనే పగలగొట్టి, మిల్లు ముందు స్టూలు వేసుకుని తన చేత్తో ఇచ్చేది. చిన్నపిల్లల తల్లులకు ఇంకో ముక్క ఎక్కువ. పేట చర్చిలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేస్తారని మిల్లులో పనిచేసే కృపమణి ఒకసారి చెబితే, ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఆమెకు, సంతోషంతో.

అటువంటిది, మొన్నటి మీటింగులో యామిని మైకు పట్టుకుని, అందరి ముందరా చెప్పింది. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. దారులు వేరు. బెల్లం ఎంత తిన్నా దుమ్ము దుమ్ముగానే ఉంటుంది.

అత్తాకోడళ్ల మధ్య మాటలు ఆ రోజే ఆగిపోయాయి. కూరలో ఉప్పు తగ్గితే సుబ్బలక్ష్మమ్మ ఆ సంగతి గోడకు చెప్పేది. యామిని లేచి గోడకు ఉప్పు అందించేది.

యామిని చెప్పులేసుకుంటూ, ఎవరినీ చూడకుండా, కృపమణి కొడుకు వసంతుకు రాత్రి ఆయాసం ఎక్కువైందని, తను అక్కడికే పోతున్నానని చెప్పి గేటు దాటింది. చొక్కాల పక్కనుంచి పోతూ, జారిపోతున్న ఒకదాన్ని సరిచేసి మరీ పోయింది.

"చూసినావా," అన్నాడు సుబ్బయ్య. "మన ఉప్పు తింటా, మన గోడకే..." మాట పూర్తి చేయలేదు. దగ్గు వచ్చింది.

దగ్గు తగ్గాక ఆయన గొంతు మారింది. బేరానికి కూర్చున్నప్పటి గొంతు.

"లక్ష్మీ, నువ్వు పో. కృపమణి నీ మాట జవదాటదు. ఆయమ్మ లోపలికొస్తే మిగతా వాళ్లంతా వెనకాలే వస్తారు. వసంతు చోటు వాని చెల్లెలికి, ఆరాధనకు ఇస్తామని చెప్పు. క్రషర్ కాడ కాదు, సంచులు కుట్టే కాడ. మన మిల్లులో చోటు ఖాళీ అయితే ఆ ఇంటికే ఇస్తాం కదా, ఎప్పుడూ ఇచ్చేదే. ఈపొద్దు ఒప్పుకుంటే రేపు మిల్లు తిరుగుతాది."

హర్ష తలెత్తి తండ్రిని చూశాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

తనతో పని పడినందుకు సుబ్బలక్ష్మమ్మకు లోలోపల తృప్తిగానే ఉంది. దారులు వేరని మైకులో చెప్పిన వాళ్లకు, పేటలో తన మాటకు ఎంత విలువుందో చూపించవచ్చు. స్టీలు డబ్బాలో బెల్లం పెట్టుకుని, చీర మార్చుకుని, కారెక్కింది.

దారంతా ఎండ. రోడ్డుకు రెండువైపులా కంపచెట్లు, వాటి మీద కూడా తెల్లదుమ్మే. హర్ష నడుపుతున్నాడు. మిల్లు గేటు దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కారును చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేవాళ్లు.

గేటు దాటాక అడిగాడు హర్ష.

"అమ్మా, వసంతు ఎక్స్‌రే చూసినావా నువ్వు?"

"నేనేమన్నా డాక్టరునా?"

"నేను చూసినా."

ఆ తర్వాత ఏమైనా చెబుతాడేమోనని ఆమె పేట వచ్చేదాకా ఎదురుచూసింది. చెప్పలేదు.

కృపమణి ఇల్లు చర్చి వెనక వరసలో చివరిది. గదిలో బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కన దావీదురాజు ఫోటో. కృపమణి భర్త. క్రషర్‌లో రాళ్లు వేసేవాడు, దగ్గి దగ్గి పోయాడు. ఆ ఫోటో కింద అతని కొడుకు.

వసంతకుమార్ పడుకుని లేడు. పడుకుంటే ఊపిరి అందదు. ప్లాస్టిక్ కుర్చీని వెనక్కి తిప్పి, దాని వీపు మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. ముక్కుకు గొట్టం. మూలన ఆక్సిజన్ మిషను బుసబుసమంటోంది. ఆ ఇంట్లో తేలిగ్గా ఊపిరి తీస్తున్నది అదొక్కటే. బనీను వెనక అతని రెక్కల ఎముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి.

యామిని అతని పక్కన నేలమీద కూర్చుని వీపు నిమురుతోంది. అత్తను చూసి జరిగింది.

"రాండి రెడ్డెమ్మా," అంది కృపమణి. ఒక్కటే స్టూలుంటే కొంగుతో తుడిచి వేసింది. "ఇంత ఎండలో మీరు రావల్నా? కబురు పెట్టింటే నేనే వచ్చేదాన్ని."

గోడ మీద చొక్కాలు వేలాడదీసిన మనిషేనా ఈమె అనిపించింది సుబ్బలక్ష్మమ్మకు. ఇంట్లో రిహార్సలు వేసుకున్న కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక, డబ్బా మూత తీసి ఒక ముక్క వసంతుకు అందించింది. చెయ్యి అలవాటు కొద్దీ చేసిన పని అది.

వసంతు బెల్లాన్ని చూశాడు. ఆమెను చూశాడు. నవ్వబోయాడు.

"వద్దు రెడ్డెమ్మా. నమిలేటప్పుడు... ఊపిరి తీసేదానికి కుదర్దు. రెండిట్లో ఒకటే." ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "ఏదో ఒకటి... ఎంచుకోవల్ల."

ఎవరూ నవ్వలేదు. సుబ్బలక్ష్మమ్మ చేతిలోని ముక్క ఎండకు మెత్తబడి వేళ్లకు అంటుకుంది.

ఆసుపత్రిలో ఏం చెప్పారని అడిగింది. కృపమణి చెప్పింది. ఈ ఊరి డాక్టరు టీబీ అన్నాడట, మాత్రలు ఇచ్చాడట. కర్నూలులో కాదన్నారట, రాతిదుమ్ము అన్నారట. తనకు మాత్రం టీబీ అనే అనిపిస్తోందట. వాళ్ల నాయనకూ అట్లే ఉన్నది కదా. టీబీ అయితే మాత్రలుండాయి, వాడితే తగ్గుతాది. కాదంటే దేనికి మాత్రలుంటాయి?

కొడుక్కి టీబీ కావాలని కోరుకునే తల్లిని సుబ్బలక్ష్మమ్మ మొదటిసారి చూసింది. యామిని వైపు చూసింది. యామిని తల వంచుకుంది. వసంతు కుర్చీ వీపు మీద నుదురు ఆనించుకున్నాడు. తల్లికి తప్ప ఆ గదిలో అందరికీ తెలుసునని ఆమెకు అప్పుడర్థమైంది. ఏమో, తల్లికి కూడా తెలుసేమో.

వచ్చిన పని చెప్పక తప్పదు. చెప్పింది. మీ రెడ్డి పంపించినాడని, వసంతు చోటు ఆరాధనకు ఇస్తామన్నాడని, సంచులు కుట్టే పనేనని. చెబుతుంటే తన గొంతు తనకే భర్త గొంతులా వినిపించింది.

కృపమణి కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. అందరూ యామిని వైపు చూశారు.

"నన్ను చూడద్దండి," అంది యామిని మెల్లగా. "మీ బిడ్డ, మీ ఇల్లు. నేను చెప్పేది ఎప్పుడో చెప్పేసినా."

లూర్దమ్మ నేర్పింది ఇదేనని తర్వాతెప్పుడో యామిని భర్తకు చెప్పింది. ఇంకొకరి ఇంట్లో మనిషి పోతున్నప్పుడు, అక్కడ మన సిద్ధాంతం నోరెత్తకూడదని.

"ఎన్నాళ్లని కూర్చుంటాం రెడ్డెమ్మా గేటు కాడ," అంది కృపమణి చివరికి. "మిగతా వాళ్ల ఇండ్లలో గూడా పొయ్యిలు ఆరిపోయినాయి. నేను లోపలికి పోతే వాళ్లకు గూడా సిగ్గు పోతాది. ఆరాధనా, ఇట్లరా."

వంటగది తలుపు దగ్గర నిలబడిన పిల్ల ముందుకొచ్చింది. ఇంటరు అయిపోయింది. నర్సింగులో చేరాలని అప్లికేషను పెట్టిందని యామిని ఎప్పుడో చెప్పింది. అన్న వైపు చూడకుండా, చున్నీ తీసి ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకుంది. తల వెనక ముడి బిగించింది. మిల్లులో ఆడవాళ్లు కట్టుకునే ముడి. ఎవరూ నేర్పలేదు, తల్లిని రోజూ చూసిందే.

"కళ్లు గూడా మూసుకో," అన్నాడు వసంతు కుర్చీలో తలెత్తకుండా. "ఆడికి పోయినాక... చూసేదేం లేదు."

"వాడట్లే మాట్లాడతాడు, ఏమనుకోవద్దండి," అంది కృపమణి. వంగి సుబ్బలక్ష్మమ్మ చేతులు పట్టుకుంది. బెల్లం జిగట ఇద్దరి చేతులకూ అంటుకుంది. "మీ మేలు మరిచిపోయే మనిషిని కాదు నేను. ఆయన పోయినప్పుడు గూడా మీరే కదా అందరి ముందరా మాటిచ్చి, వీనికి చోటిప్పించింది. మీరు లేకుంటే వీనికి ఆ చోటు గూడా దొరికేది కాదు."

ఎత్తిపొడుపు అయివుంటే బాగుండేది. కృపమణి ముఖంలో సుబ్బలక్ష్మమ్మ వెతికింది. కనబడలేదు. ఉన్నది కృతజ్ఞతే.

ఇదే గదిలో జరిగింది అది. దావీదురాజు జ్ఞాపకార్థ కూటానికి పెద్దింటి నుంచి తనొక్కతే వచ్చింది. ఇదే స్టూలు మీద కూర్చుంది. వసంతు అప్పుడు కర్నూలులో ఐటీఐ చదువుతున్నాడు, కరెంటు పని. పుస్తకాల సంచితో నేరుగా బస్సు దిగి వచ్చాడు. చదువు అయ్యేదాకా ఆగుతానన్నాడు. తను ఆగనివ్వలేదు. చదివి యాడికి పోతావు నాయనా, మీ నాయన చోటుండాది, రేపే రా అంది. గది అంతా ఆమెన్ అంది. పాస్టరు ఆమె పెద్దమనసు గురించి ప్రార్థన చేశాడు. ఇంటికెళ్లి భర్తకు గర్వంగా చెప్పింది. ఆ రోజు పిల్లాడి ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. తను చూడలేదు.

గుమ్మంలో నిలబడిన హర్ష జేబులో ఫోను మోగింది. సుబ్బయ్య. ఆ ఇంట్లో గుమ్మం దగ్గర తప్ప సిగ్నలు సరిగా రాదు. హర్ష స్పీకరు నొక్కి, చేయి చాచి లోపలికి పట్టుకున్నాడు.

"ఏమంటాంది కృపమణి?" అన్నాడు సుబ్బయ్య. గదిలో అందరికీ వినబడింది. "ఒప్పుకున్యాదా? మీ అమ్మ చెప్పిందా లేదా?"

హర్ష తల్లిని చూశాడు. ఈసారి నోరు మూసుకోలేదు. "నువ్వే చెప్పమ్మా," అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ చేతులు విడిపించుకుంది. లేచి ఆరాధన దగ్గరకు వెళ్లింది. తల వెనక ముడి విప్పబోయింది. జిగట వేళ్లకు రాలేదు. యామిని లేచి వచ్చి విప్పింది. అత్తాకోడళ్ల చేతులు ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఏమైంది? ఎవరూ పలకరేం?" అంటోంది ఫోను.

"ఆ పిల్ల రాదు," అంది సుబ్బలక్ష్మమ్మ.

"రాదా? ఎవరన్యారు? యామిని అన్యాదా?"

"నేనంటాండా."

అవతల ఏం తయారవుతోందో ఆమెకు బాగా తెలుసు. సాయంత్రం ఆ ఇంటికే తిరిగి పోవాలి. ఆ మనిషికే అన్నం వడ్డించాలి. కృపమణి భయంగా చూస్తోంది, తనేం తప్పు మాట్లాడిందోనని.

"రెడ్డెమ్మా, కోపమొచ్చిందా? నేనేమన్నా..."

"నువ్వేమీ అనలేదు కృపమణీ. నాకు దండాలు పెట్టొద్దు." ఆమె వసంతు వైపు తిరిగింది. అతను మొదటిసారి తలెత్తి సూటిగా చూస్తున్నాడు. ఆ చూపులో క్షమ లేదు. కోపం కూడా లేదు. ఊపిరికి పోగా మిగిలిన ఓపిక అంతా పెట్టి వింటున్నాడు, అంతే. తర్వాతి మాట అంటే, ఆ తల్లికి టీబీ అన్న ఆశ కూడా మిగలదని సుబ్బలక్ష్మమ్మకు తెలుసు. అనకపోతే ఆ చున్నీ మళ్లీ ముడిపడుతుందని కూడా తెలుసు.

ఫోను ఇంకా హర్ష చేతిలో చాచే ఉంది.

"వినండి, మీరు గూడా వినండి," అంది ఆమె, ఆ గదికీ ఫోనుకూ కలిపి. "చదువుకునే పిల్లోని లాక్కొచ్చి వాళ్ల నాయన చచ్చిన చోట నిలబెట్టినా. మేలు చేస్తాండా అనుకున్యా. తప్పు చేసినా. వసంతూ, తప్పు నాదేనప్పా."